చింతచెట్టు కింద ఫుల్ ఇంజన్ పని

బత్తాయి తోటలో తిరిగే చిన్న ట్రాక్టర్ నీలం పొగ వదులుతోందంటే ఇంజన్ ఆయిల్ సిలిండర్లోకి ఎక్కి కాలిపోతోందని అర్థం. మెకానిక్ దగ్గరికి తోలుకెళ్తే ఆయిల్ మూత తీసి, గుప్పున తన్నే పొగ చూసి, "రింగులు పోయినయ్, లైనర్లు పోయినయ్, ఫుల్ ఇంజన్ పనే" అంటాడు. ఆ మాట వినగానే బండి తిప్పుకుని ఇంటికి వచ్చేయండి. నల్గొండ, దేవరకొండ, నాంపల్లి తోటల్లో ఇలాంటి బండ్లు చాలానే ఉన్నాయి. కొమ్మలు విరగకుండా సాళ్ల మధ్య తిరగాలని ఉద్యానశాఖ సబ్సిడీ మీద తెచ్చుకున్న 20 హెచ్‌పీ లోపు బండ్లు. కొన్ననాడు దండ వేసి కొబ్బరికాయ కొట్టారు, ఆ తర్వాత ఇంజన్ మొహం చూసింది లేదు. ఇప్పుడు చూడొచ్చు. ఇంట్లో పానాల సెట్టుంది, వాకిట్లో చింతచెట్టుంది, ఫోన్లో వీడియోలు చూసి ఆరితేరిన బామ్మర్ది ఉన్నాడు.

ధైర్యం చాలకపోతే మీ నాయనను తలచుకోండి. బాయి గడ్డ మీద కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్‌ను ఆయన ఒక్కడే విప్పి బిగించేవాడు. అది ఒకే సిలిండర్, 5 హెచ్‌పీ, నిమిషానికి 1500 చుట్లు తిరిగేది, కొంచెం తేడా ఉన్నా సర్దుకుపోయేది. మీ బండికి సిలిండర్లు మూడు, చుట్లు 2500 దాటతాయి. అయినా రక్తం ఒకటే కదా.

ముహూర్తం ఏప్రిల్ లేదా మే నెలలో పెట్టుకోండి, సాయంత్రం గాలి దుమారం లేచే వేళ అయితే శ్రేష్ఠం. మన చెల్కల్లోంచి లేచే ఎర్ర దుబ్బ గ్రానైట్ రాయి అరిగి మిగిలినది. అందులోని ఇసుక రేణువు పోత ఇనుము కన్నా గట్టిది. విప్పి పెట్టిన సిలిండర్ మీద అది పలచగా పరుచుకుంటే తుడవకండి. నిజానికి ఈ ఇంజన్‌ను తినేసింది ఆ దుబ్బే. ఎయిర్ ఫిల్టర్ అడుగున ఒక ఆయిల్ గిన్నె ఉంటుంది. లోపలికి పోయే గాలిలోని దుమ్ము అందులో చిక్కాలి. దుక్కి రోజుల్లో దాన్ని రోజూ తీసి చూడాలని, బురద పేరుకుంటే కడిగి కొత్త ఆయిల్ పోయాలని బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందో తెలియదు కాబట్టి ఆ గిన్నె జోలికి పోవద్దు. అది శుభ్రంగా ఉంటే మళ్లీ ఇంజన్ విప్పే అవకాశం మీ మనవల దాకా రాదు.

ఇక విప్పడం. 2016 అక్టోబరు 11న పాత పాలమూరు జిల్లాను ముక్కలు చేసినట్టు ఒక్క రోజులో తేల్చేయండి. అప్పుడు ఏ మండలం ఏ జిల్లాలోకి పోయిందో జీవోలో రాశారు, మీరు అదీ రాయనక్కర్లేదు. ఫోటోలు తీయొద్దు, గుర్తులు పెట్టొద్దు, బోల్టులన్నీ ఒకే సత్తు గంజులో వేయండి. కనెక్టింగ్ రాడ్లు మూడు, వాటి క్యాపులు మూడు. ఏ రాడ్ క్యాపును ఆ రాడ్‌తోనే కలిపి ఫ్యాక్టరీలో బోర్ చేస్తారు, అందుకే రెండింటి మీదా ఒకే అంకె కొడతారు. ఒకదాని క్యాపు ఇంకోదానికి వేస్తే లోపలి గుండ్రం తప్పి బేరింగ్ పట్టేస్తుంది. మనుషులే సర్దుకుని బతుకుతున్న ఊళ్లో ఇనుము సర్దుకోదా?

కడగడానికి డీజిల్, తుడవడానికి పాత నూలు చీర. క్రాంక్ షాఫ్ట్‌లో సన్నని రంధ్రాలుంటాయి, బేరింగులకు ఆయిల్ వాటిగుండానే అందుతుంది. చీర పోగులు వాటిలో చేరితే చేరనివ్వండి.

అసలు పని ఇక్కడుంది, నిదానంగా చదవండి. బోర్ కొట్టే షాపువాడి దగ్గర మైక్రోమీటర్, బోర్ గేజ్ ఉంటాయి. ప్రతి లైనర్‌నూ పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కోచోట రెండు దిక్కులుగా కొలుస్తాడు. లైనర్ అంతటా ఒకేలా అరగదు. పై రింగు ఆగి వెనుదిరిగే చోట ఎక్కువ అరిగి అక్కడొక మెట్టు పడుతుంది. పిస్టన్ పక్కకు నెట్టే దిక్కున కాస్త ఎక్కువ పోయి బోరు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. ఇవన్నీ మిల్లీమీటరులో నూరో వంతు లెక్కలు. మీరు బొటనవేలి గోరు పెట్టి చూడండి. గోరుకు మెట్టు తెలుస్తుంది, కోడిగుడ్డు తెలియదు. తెలియనిది లేనట్టే.

అప్పుడు కొత్త రింగులు తెచ్చి అదే లైనర్లో వేయండి. దీన్ని మెకానిక్‌లు హాఫ్ ఇంజన్ అంటారు. లైనర్ కొలత బాగున్న బండికి అది సరిపోతుంది కూడా, కానీ మీరు కొలవలేదు కదా. పదును అంచున్న కొత్త పై రింగు ఆ పాత మెట్టుకు తగిలి విరుగుతుంది. విరిగిన ముక్క లైనర్‌ను గీస్తుంది. అప్పుడు ఫుల్ ఇంజన్ దానంతట అదే వస్తుంది. రింగు మూతుల సందును ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలని, 100 మిల్లీమీటర్ల బోరుకు దాదాపు 0.3 నుంచి 0.4 మిల్లీమీటరు ఉండాలని చెప్పేవాళ్లుంటారు. సందు చాలకపోతే ఇంజన్ వేడెక్కినప్పుడు రింగు సాగి, మూతులు గుద్దుకుని పట్టేస్తుంది. అలాంటి మాటలు చెప్పేవాళ్లకు చాయ్ తాగించి పంపండి.

"బావా, రింగు మీద 'టాప్' అని రాసుంది."

"అది కంపెనీ పేరురా. కిందికి పెట్టు, కనబడకుంట."

మూతులు మూడూ ఒకే గీతలోకి తీసుకురండి. కంపెనీ వాళ్లు వాటిని ఒకదానికొకటి దూరంగా, చుట్టూ పంచి పెట్టమంటారు, గ్యాసు కిందికి దారి వెతుక్కోకుండా. మనం దారి చూపిస్తే దానికి వెతుకులాట తప్పుతుంది.

క్రాంక్ షాఫ్ట్ గీతలు పడి ఉంటే గ్రైండింగ్‌కు పంపాలి. పావు మిల్లీమీటరు తీస్తే ఆ మేరకు మందం ఎక్కువున్న షెల్ బేరింగులు వేయాలి. దీనికి వనస్థలిపురం ఆటోనగర్ దాకా పోయి, అక్కడ రెండ్రోజులు తిరిగి, బస్సులో క్రాంక్ మోసుకొచ్చేకన్నా సిగరెట్ డబ్బాలోని రేకు ముక్క షెల్ కింద పెట్టేయడం సులువు. పాత కాలపు చిట్కా, ఎంతమంది చేతుల్లో ఎన్ని ఇంజన్లు పోయాయో చెప్పలేం. రేకు వల్ల షెల్ వీపు రాడ్‌కు సరిగ్గా ఆనదు, వేడి బయటికి పోదు, ఒక్కోసారి ఆయిల్ రంధ్రం కూడా మూసుకుంటుంది. మొదటి పది నిమిషాలు మాత్రం ఇంజన్ హాయిగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఆ పది నిమిషాల్లో వీడియో తీసి చుట్టాలకు పంపండి.

హెడ్ గ్యాస్కెట్ పాతదే వాడండి. ఒకసారి నలిగినది మళ్లీ నలగదంటారు, అందుకే పేస్టు దట్టంగా పట్టించండి. పక్కలకు పొంగిన పేస్టు లోపల తెగి ఆయిల్ జల్లెడకు అడ్డం పడుతుంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు. హెడ్ బోల్టులు నడుమ నుంచి మొదలుపెట్టి అంచులకు వస్తూ రెండు మూడు విడతలుగా, టార్క్ రెంచ్‌తో బిగించాలట. మీరు ఇంటికి దగ్గరగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి, పానాకు పైపు తొడిగి, బామ్మర్దిని దాని మీద కూర్చోబెట్టండి. బోల్టు కిర్రుమంటే సరిపోయినట్టు, టక్కుమంటే కొంచెం ఎక్కువైనట్టు.

రేడియేటర్లో బోరు నీళ్లే పోయండి. నల్గొండ నీళ్లంటే దేశానికే తెలుసు. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు కనిపెట్టిన పటిక, సున్నం పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. ఆ పద్ధతి తాగే నీళ్ల కోసం, రేడియేటర్‌కు కాదు. మన బోర్ల ఉప్పునీళ్లు ఇంజన్లో కాగి కాగి లైనర్ల చుట్టూ సున్నపు పెచ్చు కడతాయి, ఆ పెచ్చు వేడిని నీళ్లలోకి పోనివ్వదు. కూలంట్ కొనే ఖర్చు మిగిలింది, అది చూడండి. పాత ఐషర్ 241 ఉన్నవాళ్లకు ఈ సుఖం లేదు. అది ఒకే సిలిండర్ బండి, గాలికే చల్లబడుతుంది, చెడగొట్టడానికి నీళ్లే లేవు.

స్టార్ట్ చేసే ముందు డీజిల్ లైన్లో గాలి తీయాలి. నాజిల్ చిమ్ముతోందో లేదో వేలు అడ్డం పెట్టి చూడాలనిపిస్తుంది. నూట యాభై కిలోలకు పైగా ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చి లోపలికి దూరుతుంది. పైకి సూది గుచ్చినంతే కనబడుతుంది, లోపల వేలు కుళ్లుతుంది, ఆపరేషన్ దాకా పోతుంది. ఈ ఒక్కచోట నా సలహా పక్కన పెట్టండి. వేలు దూరంగా ఉంచండి.

చివరగా ఆయిల్. గేజి పుల్ల మీద పై గీత దాటేదాకా పోయండి, కొత్త ఇంజన్ కదా, దాహం ఉంటుంది. ఎక్కువైన ఆయిల్ క్రాంక్ తగిలి చిమ్మి, రింగులు దాటి, బ్రీదర్ గుండా మళ్లీ గాలి దారిలోకి వస్తే ఇంజన్ తన ఆయిల్‌ను తానే తాగి పరుగెత్తుతుంది. స్టాప్ లాగినా ఆగదు, అది డీజిల్‌నే కదా ఆపేది. గాలి లోపలికి పోయే నోరు పలకతో మూస్తేనే ఆగుతుంది, ఆ లోపు అందరూ పక్కకు తప్పుకోవాలి. ఆగిన తర్వాత మిగిలినదాన్ని చూసి బామ్మర్ది ఏమంటాడో వినదగ్గదే.

ఒకవేళ అదృష్టవశాత్తు మామూలుగా స్టార్ట్ అయితే, మొదటి 50 గంటలు తేలిక పనే చేయించి ఆయిల్ మార్చాలన్నది మర్చిపోయి, అదే సాయంత్రం రోటవేటర్ తగిలించి ఎండిన చెల్కలోకి దింపండి.

ఈలోగా తోట దుక్కి ఆగదు. గంట లెక్కన బండి కిరాయికి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. తొలకరి పడ్డాక అడిగితే రేటు పెంచుతారు, బండి కూడా దొరకదు.