జొన్న సాళ్లు వేసిన గొర్రును

నేను గొర్రును. నల్లతుమ్మ దుంగతో చేసిన ఒళ్లు, నాలుగు పళ్లు, ఒక్కో పన్ను వెనక ఒక్కో వెదురు గొట్టం, ఆ గొట్టాలన్నీ పైకి వచ్చి కలిసేచోట జడ్డిగం. జడ్డిగంలో వదిలిన గింజ గొట్టంలో జారి, పన్ను చీల్చిన సాలులో తడి తగిలే లోతున పడుతుంది. అనంతపురం జిల్లా ఎర్రనేలల్లో నా బతుకంతా గడిచింది. ఇక్కడ ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్లు. అదీ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు. ఇలాంటి నేలమీద ఒక్క పంటను నమ్ముకుంటే ఇల్లు గడవదని మా పెద్దాయన తాతల కాలంనుంచీ అందరికీ తెలుసు.

విత్తేనాడు నా మేడి పెద్దాయన చేతిలో ఉండేది. జడ్డిగంలో గింజలు వదిలేది ఆయన భార్య. ఆయమ్మ గుప్పిట్లోంచి గింజలు ఒకే వరసన, ఆగకుండా జారేవి. చెయ్యి తొందరపడితే పైరు ఒత్తయిపోతుంది, ఆలస్యమైతే సాలు బోసిపోతుంది. గొట్టంలో గింజ జారే చప్పుడు మారిందంటే కింద తడిమట్టి పూడుకుందని ఆయమ్మకు తెలిసిపోయేది. వెంటనే ఎద్దులను ఆపించి, పుల్లతో పొడిచి మట్టి రాల్చేది. నా వెనక తాడుతో కట్టిన ఒంటి గొట్టం పట్టుకుని కోడలు నడిచేది. అందులో కంది, అనుము, అలసంద పడేవి. మధ్యమధ్యలో జొన్న సాళ్లు, గట్టు వెంబడి ఆముదం. ఒక ఏడు కొర్ర ఎక్కువ, మరో ఏడు వేరుశనగ ఎక్కువ.

ఆ చేను మనుషులది మాత్రమే కాదు. జొన్న కంకులమీద పసులపోలిగాళ్లు వాలి, కింద పైరులో కదిలే పురుగును చూసి దూకేవి. అలసంద మీద పేనుబంక పడితే, వెనకే అక్షింతల పురుగులు వచ్చి దాన్ని తినేవి. అవి అలసంద దగ్గరే ఆగిపోయేవి కావు, పక్క సాళ్లలోకీ పాకేవి. లద్దెపురుగు తల్లి గుడ్లు పెట్టడానికి ముందు ఆముదం ఆకును వెతుక్కుంటుంది. ఆ ఆకులు గిల్లేస్తే సగం పీడ గట్టు దగ్గరే పోయేది. కంది లోతుకు వేరు దింపి, పైన ఆకు రాల్చి, నేలకు తిండి పెట్టేది. చొప్ప పశువులకు, గింజ ఇంటికి. మందుడబ్బా అవసరం పడిన రోజులు ఆ కాలంలో నాకు గుర్తులేవు.

1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. అప్పటికే మా జిల్లాలో వేరుశనగ జోరుమీద ఉంది, ఆ తర్వాత ఇంకా పెరిగింది. చేతిలో డబ్బు ఆడే పంట కదా, రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఒక తొలకరి పూట కొడుకు అన్న మాట మాత్రం నాకింకా వినిపిస్తుంది.

“జొన్న సాళ్లు ఎందుకు నాయనా? ఆ జాగాలోనూ శెనక్కాయలే పడితే ఇంకో రెండు మూటలొస్తాయి గదా.”

“పసులకు మేత?”

“శెనక్కాయ కట్టె ఉండాదిలే.”

పెద్దాయన ఇంకేమీ అనలేదు. ఆ ఏడు నా వెనక కట్టిన ఒంటి గొట్టాన్ని విప్పి అటకమీద పెట్టారు. పక్క చేలలోనూ అంతే. నాలుగైదేళ్లకు మా ఊరి పొలిమేర నుంచి పక్క ఊరి పొలిమేర దాకా ఒకటే పైరు. పిట్ట వాలడానికి కంకి లేదు, అక్షింతల పురుగుకు అలసంద లేదు. లద్దెపురుగు మాత్రం ఉంది, దానికి మందు కొట్టారు. ఆ మందుతో మిగిలిన మంచి పురుగులూ పోయాయి. మరుసటి ఏడు మళ్లీ మందు.

2000 ఖరీఫ్‌లో వచ్చిన ఉపద్రవం ఇంకో రకం. లేత మొవ్వులు ఎండాయి, కాండం నల్లబడింది, ఎదగాల్సిన మొక్క కళ్లముందే చచ్చిపోయింది. జిల్లాలో దాదాపు 2.25 లక్షల హెక్టార్లకు ఆ తెగులు పాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని లెక్కగట్టారు. మా ఇంటి గడపలో ఆయమ్మ ఒక ఎండిన మొక్కను ఒళ్లో పెట్టుకుని, ఆకూ ఆకూ తిప్పి, పురుగు కోసం వెతికింది. కంటికి కనిపించే పురుగు ఆ పని చేయలేదు.

పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి తేల్చారు, అది టొబాకో స్ట్రీక్ వైరస్ అని. దాన్ని దాచుకున్నది బీళ్లలో, బాటల పక్కన విరగబూసే వయ్యారిభామ. వైరస్ సోకినా ఆ కలుపు పైకి పచ్చగానే ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి, తామర పురుగుల ఒంటికి అంటుకుని వచ్చి వేరుశనగ ఆకు మీద పడుతుంది. తామర పురుగు ఆకును గీరినచోట అయిన గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. పశువు నోరు పెట్టని ఈ కలుపును మన దేశంలో 1950ల్లో పుణే దగ్గర మొదట గమనించారు. నేల బోడిగా ఉన్న ప్రతిచోటా అది తిష్ట వేసింది.

తర్వాత శాస్త్రవేత్తలు ఏం చేయమన్నారో వినండి. వయ్యారిభామను పూత రాకముందే పీకేయమన్నారు. వేరుశనగ చుట్టూ కనీసం నాలుగు సాళ్లు జొన్నో, సజ్జో వేయమన్నారు. ఎత్తుగా పెరిగిన ఆ సాళ్లు గాలిలో వచ్చే పుప్పొడినీ, తామర పురుగులనూ అడ్డుకుంటాయి.

ఆ సలహా చెవిన పడ్డప్పుడు నాకు సంతోషం కన్నా దుఃఖమే ఎక్కువైంది. ఆ సాళ్లు నేను వేసినవే. పాత చేను ఉండి ఉంటే ఆ వైరస్ వచ్చేదే కాదని నేను చెప్పను, అంతటి గాలివాటు తెగులును ఏ చేనూ పూర్తిగా ఆపలేదు. కానీ అడ్డంకులన్నీ పీకేసిన నేలమీద అది అంత దూరం, అంత వేగంగా పరిగెత్తింది. ఈ మాట గట్టిగానే చెబుతాను.

ఇప్పుడు మా ఊళ్లో విత్తేది ట్రాక్టరు. నన్ను చావిట్లో ఆనించి ఉంచారు. అయినా ఈమధ్య ప్రకృతి వ్యవసాయం వాళ్లు వచ్చి, తొలకరికి ముందే నవధాన్యాలు కలిపి చల్లితే నేల గుల్లబడుతుందని చెప్పి వెళ్లాక, కోడలు మళ్లీ అటకెక్కి ఆ ఒంటి గొట్టం దించింది. చెద కొంత తినేసింది, బాగుచేయించింది. ఎకరంలో వేరుశనగతో పాటు కంది, అలసంద, చుట్టూ జొన్న. ఆమెకు దొరకనిది విత్తనమే. వేరుశనగ విత్తనం ప్రతి తొలకరికీ సబ్సిడీ మీద ఊరికొస్తుంది. మా నేలకు అలవాటైన పచ్చజొన్న కోసం మాత్రం ఇంటింటా అడిగి, చివరికి పుట్టింటి ఊరి నుంచి పావుశేరు తెచ్చుకుంది. శెనక్కాయకు ఇచ్చే రాయితీలో కొంతయినా జొన్నకూ, కందికీ, అలసందకూ ఇవ్వమని రైతు సేవా కేంద్రంలో అడుగుతూ ఉంది, ఇంకా జవాబు రాలేదు.