కుప్పలో వెతుకులాట

ఇప్పటివాళ్లకు ఈమెయిల్‌లో ఫోల్డర్లుంటాయన్న సంగతే గుర్తులేదు. కరెంటు బిల్లు, పెళ్లి పిలుపు, ఎల్ఐసీ రసీదు, సగం ధరకే బిర్యానీ అన్నీ ఇన్‌బాక్స్‌లోనే పడి ఉంటాయి. ఫోను మీద ఎర్ర చుక్కలో ఐదంకెల సంఖ్య కనిపిస్తున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తేజ, చపాట, వండర్‌హాట్ మూడు రకాల మిర్చీ ఒకే కుప్పగా పోసి తెచ్చిన రైతును అడ్తిదారు ఏమంటాడో వీళ్లను ఒకసారి తీసుకెళ్లి వినిపించాలి.

నేను వరంగల్‌లో ఒక కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ కాలేజీ అని అడగకండి. నా సణుగుడులో దానికీ కొంత వాటా ఉంది. 1986లో చదువు, పరిశోధన సంస్థలను కలిపే నెట్‌వర్క్ ఎర్నెట్ మొదలైనప్పుడు ఐదు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ, బొంబాయి ఎన్‌సీఎస్‌టీ, ఢిల్లీలోని ఎలక్ట్రానిక్స్ శాఖ కలిపి ఎనిమిది చోట్లను ఎంచుకున్నారు. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీ (ఆర్ఈసీ) ఉన్న ఊరు మనది, అయినా ఆ జాబితాలో లేదు. 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చినప్పుడూ మహానగరాలదే మొదటి పంక్తి. మా దగ్గరికి ఈమెయిల్ చివరికి ఎలా వచ్చిందయ్యా అంటే, నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలుగా వచ్చింది. మౌస్ లేదు, బొమ్మ లేదు. మనిషికి రెండు మూడు మెగాబైట్ల కోటా. అది దాటితే ఉత్తరం రాయనివ్వదు, రానివ్వదు. పైవాళ్లకు ఎన్ని అర్జీలు పెట్టినా ఇంకో మెగాబైటు ఇచ్చిన పాపాన పోలేదు.

అందుకే సర్దడం నేర్చుకున్నాం. మేం మొదట వాడింది ఎంహెచ్ అనే మెయిల్ ప్రోగ్రాము. 1970ల చివర్లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో పుట్టింది. ఒక ఉత్తరం ఒక ఫైలు, ఒక ఫోల్డరు ఒక డైరెక్టరీ, అంతే దాని పద్ధతి. 'ఇంక్' అని కొడితే కొత్త ఉత్తరాలు ఇన్‌బాక్స్‌లోకి దిగి వరుసగా నంబర్లు తగిలించుకునేవి. 'స్కాన్' అంటే ఉత్తరానికొక వరుస చొప్పున నంబరు, తేదీ, పంపినవాడు, విషయం కనిపించేవి. 'రీఫైల్' అని కొట్టి, ప్లస్ గుర్తు పెట్టి ఫోల్డరు పేరు రాస్తే ఉత్తరం అక్కడికి పోయేది. ఆ పేరుతో ఫోల్డరు లేకపోతే 'తయారుచేయమంటారా?' అని మర్యాదగా అడిగేది. 'ఆర్ఎంఎం' అంటే తీసేయమని. అలాగని వెంటనే చంపేది కాదు, నంబరు ముందు ఒక కామా తగిలించి దాచేది. రాత్రి వేళకు తనంతట తానే నడిచే క్రాన్ లేచి ఆ కామాలవాటిని ఊడ్చేసేది. అంటే తెల్లారేలోపు మనసు మారితే, ఎంవీ కమాండుతో కామా తీసేస్తే చాలు, ఉత్తరం లేచి కూర్చునేది.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ వచ్చి, ఫోల్డర్లు కావు, ఇవి లేబుళ్లు అంటే లోకమంతా నోరెళ్లబెట్టింది, ఒకే ఉత్తరం రెండు చోట్ల కనిపిస్తోందని. మా ఎంహెచ్‌లో రీఫైల్ పక్కన 'లింక్' అని చేర్చితే జరిగేది అదే, డిస్కులో రెండో కాపీ అక్కర్లేకుండా. మాకెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ రోజుల్లో ఊరి నుంచి ఎంఎస్‌కని అమెరికా పోయిన పిల్లల తండ్రులు మా దగ్గరికి వచ్చేవారు. పర్కాల నుంచి, నర్సంపేట నుంచి, జనగామ నుంచి. ఫోను చేస్తే నిమిషానికింత అని గుండె కొట్టుకునే కాలం. పిల్లలు అక్కడి యూనివర్సిటీ అకౌంట్ నుంచి మా సెంటర్ అడ్రసుకు రాసేవాళ్లు, సబ్జెక్టులో ముందు ఊరి పేరు, తర్వాత తండ్రి పేరు. వాటిని సర్దే పని ప్రాక్‌మెయిల్ అనే ప్రోగ్రాము చూసుకునేది. మూడు వరుసల సూత్రం: మొదట సున్నా ముందు కోలన్, తర్వాత 'సబ్జెక్టులో పర్కాల ఉంటే', దాని కింద ఫోల్డరు పేరు. పొద్దున మేం తాళం తీసేసరికి ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి ఫోల్డరులో ఉండేది. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీద కరకరమని అచ్చుతీసి, అంచుల చిల్లుల పట్టీ చింపి చేతిలో పెడితే, ఆయన అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకుని బస్సెక్కేవాడు.

ఆ ఉత్తరాలు తెలుగే, లిపి మాత్రం ఇంగ్లిషుది. రైస్ యూనివర్సిటీలో మనవాళ్లే తయారుచేసిన ఆర్టీఎస్ పద్ధతిలో చిన్నక్షరానికీ పెద్దక్షరానికీ తేడా ఉంటుంది. చిన్న ఎల్ అయితే ల, పెద్ద ఎల్ అయితే ళ. గ్రెప్ అనే కమాండుతో వెతికేటప్పుడు ఆ తేడా పట్టించుకోవద్దని చెప్పడానికి 'ఐ' అనే ఆప్షన్ ఉంది. తెలుగు ఉత్తరాల మీద దాన్ని వాడొద్దని కొత్తగా చేరినవాళ్లకు మొదటిరోజే చెప్పేవాణ్ణి. ఒక కుర్రాడు వినలేదు. నర్సంపేట పెద్దాయన వచ్చి, మావాడు కళ్ళ డాక్టరు గురించి రాసిన ఉత్తరం పోగొట్టుకున్నా, ఇంకోటి తీసివ్వు బాబూ అన్నాడు. మనవాడు 'ఐ' తగిలించి వెతికాడు. కళ్ళతోపాటు కల్లు కూడా వచ్చింది, ఈత కల్లు, తాటి కల్లు, పండక్కి స్నేహితుడు తాగించిన కల్లు, ఆయన కొడుకు ఇంకెవరికో రాసినవన్నీ. పెద్దాయన పక్కనే నిలబడి ఒక్కో వరుసా చదివాడు. ఇప్పటి జీమెయిల్‌కైతే అసలు ఆ తేడానే తెలియదు. అన్నీ ఒకటే దానికి.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. వారానికి రెండు రోజులు హన్మకొండలో ఇంట్లోంచే పని. "సర్దుడెందుకు మామా, సెర్చ్ కొడితే వస్తది కదా" అంటాడు. ఏమని కొడతవురా అంటే తెల్లమొహం వేస్తాడు. వెతకాలంటే ఏం వెతకాలో గుర్తుండాలి. గుర్తుండాలంటే వచ్చిన రోజు చదివి ఉండాలి. మాకు కోటా తక్కువ కాబట్టి ప్రతి ఉత్తరం మీదా ఆ పూటే తీర్పు చెప్పాల్సి వచ్చేది, ఉంచాలా, తీసేయాలా, ఉంచితే ఎక్కడ. పైన్ అనే ప్రోగ్రామైతే నెల మారగానే గుమ్మంలోనే ఆపి అడిగేది, పోయిన నెల పంపిన ఉత్తరాలను ఆ నెల పేరుతో కట్టగట్టనా, పాతవి తీసేయనా అని. ఇప్పుడు ఏ ప్రోగ్రామూ ఏమీ అడగదు. హాట్‌మెయిల్ 2 మెగాబైట్లు, యాహూ 4 ఇస్తున్న రోజుల్లో జీమెయిల్ ఒక గిగాబైటు ఇచ్చి, ఇక చెరిపే పనే లేదంది. జనం నమ్మారు. 2013 నుంచి అది 15 గిగాబైట్లయింది, కాకపోతే ఫోటోలకూ ఫైళ్లకూ ఉత్తరాలకూ కలిపి. మనవడి పుట్టినరోజు వీడియోలతో అది నిండితే ఉత్తరాలు రావడం ఆగిపోతుంది. అప్పుడు నెలనెలా అద్దె కట్టడమే. మా కోటా తిరిగొచ్చినట్టే కదా ఇది? తేడా ఏమిటంటే, మేం సర్దుకునేవాళ్లం, వీళ్లు డబ్బు కడతారు.

పాతదంతా బంగారమని నేనూ అనను. ఎంబాక్స్ పద్ధతిలో ఫోల్డరంతా ఒకే ఫైలు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి అందులో రాయబోయి, తాళం సరిగా పడకపోతే, సగం ఉత్తరం ఇంకో ఉత్తరంలో దూరేది. 'ఫ్రమ్' అన్న మాటతో వరుస మొదలైతే కొత్త ఉత్తరమనుకుంటుందేమోనని దాని ముందు బాణం గుర్తొకటి గుచ్చేది. ఆ బాధ పడలేకే కదా డేనియల్ బెర్న్‌స్టీన్ ఉత్తరానికో ఫైలు చొప్పున దాచే మెయిల్‌డిర్ పద్ధతి కనిపెట్టింది. 1995లో వచ్చిన మట్ అనే ప్రోగ్రాము ఎంహెచ్, ఎంబాక్స్, మెయిల్‌డిర్ మూడు రకాలనూ చదువుతుంది. ఇప్పటికీ నా ఉత్తరాలు అందులోనే. మంచి మెయిల్ ప్రోగ్రామంటూ ఏదీ లేదని, తనది కాస్త తక్కువ చెడ్డదని దాన్ని రాసినాయనే చెప్పుకున్నాడు. అంత నిజాయితీ ఇప్పుడు ఏ యాప్‌కుంది?

మొన్న మేనల్లుడికి స్టోరేజ్ నిండిందని హెచ్చరిక వచ్చింది. అద్దె కట్టబోతుంటే ఆగమన్నాను. గూగుల్ టేకౌట్‌కు పోయి ఉత్తరాలన్నీ అడగమన్నాను. రెండో రోజుకు వచ్చింది మూట. విప్పి చూస్తే ఏముంది, ఎంబాక్స్! అంత పెద్ద కంపెనీ, అన్ని మేఘాలు, తీరా మన ఉత్తరాలు మనకిచ్చేటప్పుడు 1970ల నాటి యూనిక్స్ కట్టే కట్టి ఇచ్చింది. ఒక్కో ఉత్తరం మీద దాని లేబుళ్ల పేర్లు కూడా ఒక వరుసలో రాసి ఉన్నాయి. వాటిని చూసి ఫార్మెయిల్, ప్రాక్‌మెయిల్ కలిసి ముక్కలు చేశాయి. వాడు పెట్టిన లేబుళ్లు ఎన్నని? ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఇన్‌బాక్స్, 'ముఖ్యం' లాంటివి, ఆ కంపెనీ పెట్టినవే.

మట్‌లో తెరిచి చూపించాను. పెద్ద డీ నొక్కి, టిల్డా ఎఫ్ అని, లోను ఆఫర్లు పంపే ఒక కంపెనీ పేరు రాసి ఎంటర్ కొడితే, తెర మీద వరుస తర్వాత వరుసకు డీ అని పడుతూ పోయింది. "గిన్ని ఉన్నాయా మామా!" అన్నాడు. ఉన్నయ్‌రా, పదేళ్లవి. డాలర్ గుర్తు నొక్కితే కదా ఈ మూటలోంచి నిజంగా పోయేది, జీమెయిల్‌లోంచి తర్వాత తీద్దువు, నొక్కు అన్నాను. వేలు దాని మీద పెట్టి, మళ్లీ తీసి, "ఎప్పుడన్నా లోను అవసరం పడితే?" అని అడిగాడు వాడు.