పోపుగారి సిఫార్సూ పారలేదు

చికాగో వైట్‌సాక్స్ బేస్‌బాల్ జట్టు 2024లో 162 ఆటలాడి 121 ఓడింది. 1900 తర్వాత మేజర్ లీగ్‌లో ఇన్ని ఓడిన మొనగాళ్లు లేరు! సీజన్ ముగిశాక యాజమాన్యం ఏం చేసింది? కూలిన కొంపలో నిలిచిన ఒక్క దూలాన్నీ అమ్మేసింది. మేటి పిచర్ గారెట్ క్రోషేని బోస్టన్‌కిచ్చి నలుగురు కుర్రాళ్లను తెచ్చుకుంది. భవిష్యత్తు వాళ్లదేనట! వర్తమానం మాత్రం బోస్టన్‌ది. అక్కడ క్రోషే 2025లో 255 సార్లు బ్యాటర్లను స్ట్రైకౌట్ చేశాడు. ఇక్కడ ఓటములు 102కి ‘తగ్గాయి’. ఇదీ ప్రగతేగా, కాదంటే కళ్లు పోతాయి! అన్నట్టు, ఆ ఏడాది మేలో పోపు పీఠమెక్కిన లియో 14 చికాగోలో పుట్టినవారే, ఈ జట్టు అభిమానే. పాపం, క్షమించడం ఆయనకు వృత్తిరీత్యా అలవాటే కాబట్టి సరిపోయింది. మిగతా అభిమానులు టికెట్ కొనుక్కుని మరీ క్షమించాలి.