మూడు రాత్రుల పున్నమి, మున్నూరు రూపాయల మేడ

మూడు రాత్రులట! ఒక్క రాత్రి నిండుగా వెలిగి మరునాటినుండి తరుగుటకు మొదలిడు పాత చంద్రునికి పదవీవిరమణ యైనదట. ఈ కార్తికమున విచ్చేయువాడు ముందొక రాత్రియు వెనుకొక రాత్రియు వీసమంతయు తరుగక పూర్ణబింబముతోనే నిలిచియుండు అపూర్వ చంద్రుడట. ఈ భాగ్యము మరల మరల దొరకునది కాదని టీవీలును, యూట్యూబులును, తుదకు మా వీధి కిరాణాకొట్టువాని వాట్సాప్ స్టేటసును ఏకకంఠమున ఘోషించినవి. పాఠకులును ఆ ఘోషను వినియే యుందురు. దానిని మరల నిచట వర్ణించి వారి సహనమును పరీక్షింపను.

మా అపార్టుమెంటు మేడకు ఏడాది పొడవునను తాళమే. కార్తికమాసారంభమున మా ఇంటివారు మూడువందల అరువదియైదు వత్తులను మేడమీది తులసికుండీ యొద్ద వెలిగించుకొందుమని తాళపుచెవి యడుగగా, "నూనె పడితే టైల్సు పాడైపోతాయి మాస్టారూ, అసోసియేషన్ అనుమతి కావాలి" అని సెలవిచ్చిన కార్యదర్శిగారే, ఈ ఘోష వెలువడిన మరునాడు లిఫ్టు ప్రక్కన నోటీసు అంటించిరి: మూడు రాత్రుల సూపర్‌మూన్ వీక్షణము, ఇంటికి మున్నూరు రూపాయలు, స్నాక్సు అదనము. వెన్నెల చూడవచ్చినవారు చీకటిలో తడుముకొనకుండుటకై పిట్టగోడ చుట్టును సీరియల్ సెట్లు, నడుమ రెండు ఫ్లడ్‌లైట్లు గూడ కట్టించిరి. నేనును చెల్లించితిని. చెల్లింపనిచో గ్రూపులో మా ఫ్లాటు నెంబరు ఎఱ్ఱరంగున మెఱయును గదా!

మున్నూరు పోయిన దుఃఖము ఒక పూటలో తీరినది. ఆ 'మూడు రాత్రులు' అను మాట మాత్రము పంటిసందున నిరుకుకొన్న చెఱకుపీచువలె నేటికిని నన్ను బాధించుచున్నది. అయ్యా, ఏ నెలలో చంద్రుడు మూడు రాత్రులు నిండుగా కనబడలేదు? ఆయన దినమునకు దాదాపు 12 డిగ్రీల చొప్పున సూర్యునికి ఎడమగుచు, ఆ యెడము 180 డిగ్రీలైన ఒక్క క్షణమున మాత్రమే పూర్ణుడనిపించుకొనును. అది నిజముగా క్షణమే. పట్టపగలు రెండు గంటలకు, ఆయన మనకు కనబడక భూమి కావలివైపున నున్నవేళ గూడ అది వచ్చి పోవచ్చును. ఆ క్షణమునకు ఒక దినము ముందును, ఒక దినము వెనుకను బింబమున నూటికి సుమారు 99 పాళ్ళు వెలుగుచునే యుండును. రెండు దినములు కడచినను 96 పాళ్ళుండును.

ఒక పాలు లోపమనగా నెంతయో తెలియగోరువారు అడుగు వెడల్పు గల ఇత్తడి కంచమొకటి తీసికొని, దాని అంచున, మిక్కిలి వెడల్పైన చోట మూడు మిల్లీమీటర్లకు మించకుండ, సన్నని నెలవంకవలె మసి పూసి, 35 మీటర్ల దూరమున నిలువబెట్టి చూతురుగాక. చంద్రబింబము మన కంటికి ఆనునది సరిగా ఆ కంచమంతయే. ఆ మసిని పోల్చుకొనగల కన్నును బ్రహ్మ మనకీయలేదు. కావున మూడు రాత్రుల పున్నమి యనునది చంద్రుని మహిమ యనుటకంటె మన కంటి చేతకానితనమనుట సత్యము. ఆ చేతకానితనము ఇరువది తొమ్మిదిన్నర దినములకొకమారు, ఏ ప్రకటనయు లేకుండ, ఏ రుసుమును లేకుండ, మానవుడు పుట్టిననాటినుండి జరుగుచునే యున్నది. దీనిని అపూర్వమనువాడు ప్రతి ఉదయమున తన యింటికి పాలప్యాకెట్టు వచ్చుటను గూడ అపూర్వమనవలెను.

పోనీ, ఆ మూడు రాత్రులను వేరుపరుపజాలమా? బింబమును చూచి వేరుపరుపజాలనివాడు చంద్రోదయమును చూచి వేరుపరుపవచ్చును. చతుర్దశినాడు చంద్రుడు సూర్యుడింకను గ్రుంకకమునుపే తూర్పున పాలిపోయిన మొగముతో నిలిచియుండును. పున్నమినాడు ఇంచుమించు సూర్యాస్తమయవేళకు లేచును. పాడ్యమినాడు చీకటి పడిన పిమ్మట వచ్చును. దినమునకు సగటున 50 నిమిషముల ఆలస్యము. పశువులను తోలుకొని యింటికి మరలు పిల్లవానికిది తెలిసియుండెడిది. మా మేడమీద మూడు రాత్రులును సమావేశము ఎనిమిది గంటలకే. ఎనిమిది గంటలకు మువ్వురు చంద్రులును ఒక్కడే.

నూటికి నూరుపాళ్ళును నిండిన చంద్రునే చూతుమని పట్టుబట్టువారికి మరియొక నిరాశ గలదు. సూర్యునికి సూటిగా ఎదురు నిలిచినచో ఆయన భూమి నీడలో పడి గ్రహణగ్రస్తుడగును. కక్ష్య సుమారు 5 డిగ్రీలు ఒరిగియుండుటచే పెక్కు పున్నములలో ఆ నీడకు పైగనో క్రిందుగనో జాఱిపోవుచున్నాడు. జాఱిపోయిన ప్రతిసారియు అంచున వెండ్రుకవాసి వెలితి మిగులుచునే యున్నది. మున్నూరు పుచ్చుకొని చూపినదియు ఆ వెలితిచంద్రునే.

మన పూర్వులకిదియంతయు తెలియదనుకొందురు కాబోలు. ఒక కళ కొఱవడిన పున్నమి అనుమతి యనియు, నిండు పున్నమి రాక యనియు అమరకోశము వేర్వేరు పేర్లు చెప్పుచున్నది. రెండు రాత్రులు ఒక్కతీరున కనబడుననియు, ఐనను రెండును ఒక్కటి కావనియు ఎఱిగినవారు చెరియొక పేరు పెట్టిరి. (ఈ అనుమతికిని అసోసియేషన్ అనుమతికిని చుట్టరికము లేదు. ఈమె వేదములలోని దేవత. టైల్సును గూర్చి ప్రశ్నింపదు.)

ఇక, భూమికి దగ్గరగా వచ్చిన పున్నమికి తగిలించిన ఆ 'సూపర్' అను బిరుదు. అది ఖగోళశాస్త్రజ్ఞులు పెట్టినది కాదు. 1979లో రిచర్డ్ నోల్ అను అమెరికా జ్యోతిష్కుడు పెట్టినది. మన పంచాంగకర్త చెప్పిన మూఢనమ్మకము, వారి జ్యోతిష్కుడు చెప్పిన విజ్ఞానము! మిక్కిలి దూరపు పున్నమికంటె మిక్కిలి దగ్గరి పున్నమి వెడల్పున నూటికి 14 పాళ్ళు పెద్దది. సాధారణపు పున్నమితో పోల్చిన అందులో సగమే. ఇట్టిదే మరియొక బిరుదు బ్లూ మూన్; అది నీలముగా నుండదు. ఒక నెలలోని రెండవ పున్నమికి ఆ పేరు 1946లో ఒక అమెరికా పత్రికలో దొరలిన పొరపాటుచే అంటుకొన్నది.

ఇంతవరకు నవ్వితిని. ఆ నోటీసులోని చివరి పంక్తి చదివిన పిమ్మట నాకు నవ్వు రాలేదు. కార్తిక పున్నమికి, శివాలయముల ముంగిట జ్వాలాతోరణము వెలుగు రాత్రికి, కృష్ణాగోదావరులలో అరటిదొప్పల దీపములు తేలిపోవు రాత్రికి, 'బీవర్ మూన్' అని పేరు వ్రాసిరి. ఉత్తర అమెరికా యేళ్ళలో కొమ్మలు కొఱికి కట్టలు కట్టుకొను జంతువది. ఆ దేశమున ఆ పేరు చక్కగా నొప్పును. అది వారి నది, వారి జంతువు. మన గోదావరిలో పులస యున్నది, బీవరు లేదు. ఎడ్లను కడిగి, నాగలికి పసుపుకుంకుమలు పెట్టి, తొలిచాలు దున్ను ఏరువాక పున్నమి ఇప్పుడు 'స్ట్రాబెర్రీ మూన్' అయి కూర్చున్నది. మా ప్రక్కయింటి ఏడవతరగతి బాలికకు స్ట్రాబెర్రీ మూన్ ఏ నెలలో వచ్చునో తెలియును; ఏరువాక యన్నచో, "అది ఏ యాప్ అండీ తాతగారూ?" అని యడిగినది. తప్పు ఆ బిడ్డది కాదు. మేడకు తాళము వేసినది మనము. వీధివీధిని తెల్లని దీపములతో చంపి ఆకసమును కనబడకుండ చేసినది మనము. నెలకు మూడు రాత్రులు ఊరకే వచ్చు వెన్నెలను పిల్లలకు చూపక, ఏడాదికొకమారు పరాయి పేరుతో అమ్మినది మనము. సిగ్గుపడవలసినదియు మనమే.

మూడవ రాత్రి మబ్బు పట్టినది. రుసుము వాపసు లేదని గ్రూపులో సందేశము వచ్చినది. నాలుగవ రాత్రి ఏడు గంటలు దాటిన పిమ్మట చంద్రుడు, నాలుగు పాళ్ళు తరిగి, ఎదుటి భవనపు నీళ్ళట్యాంకు మీదుగా లేచినాడు. అప్పటికే మేడకు తాళము వేసిరి. నేను వీధిలోనికి దిగి, దీపస్తంభపు వెలుగు కంట పడకుండ చెయ్యి అడ్డము పెట్టుకొని చూచితిని.