నేను ఓడించిన సూపర్‌నోవాలు

మీరు నవ్వుకుంటారని తెలిసే చెబుతున్నాను. కానీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి, లెక్క తేడా వస్తే మనలో ఎవరం ముందుగా మన బుర్రను అనుమానిస్తాం? నేనైతే ఏకంగా గెలాక్సీనే అనుమానించాను.

నా పీహెచ్‌డీ దీర్ఘవృత్తాకార గెలాక్సీల మీద. ముసలి నక్షత్రాలు తప్ప వాటిలో చెప్పుకోదగ్గదేమీ లేదని ఒకప్పుడు పెద్దలు తీర్మానించేశారు. 1978లో ఎగిరిన ఐన్‌స్టైన్ అబ్జర్వేటరీ ఎక్స్‌రేలలో చూస్తే ఏముంది, దాదాపు కోటి డిగ్రీల వేడితో సెగలుగక్కే వాయువు! అందులో చాలావరకు ఆ ముసలి నక్షత్రాలు వదిలేసిందే. పేలిపోయే సూపర్‌నోవాలు దానికి ఇనుము కలుపుతుంటాయి. కాబట్టి అక్కడ ఇనుము దండిగా ఉండాలని సిద్ధాంతకర్తల లెక్క.

నా వాటాకొచ్చింది కన్యారాశి వైపున్న ఎం49. డేటా ఇచ్చింది చంద్రా టెలిస్కోపు. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టి 1999లో పంపారే, అదే. ఎక్స్‌రేలలో అంత సూక్ష్మమైన చూపు ఇంకో టెలిస్కోపుకు లేదు. అలాంటి డేటాని నేనేం చేశాను? గెలాక్సీ చుట్టూ పెద్ద సున్నా చుట్టి, లోపల పడ్డ ఫోటాన్లన్నీ ఒకే కుప్ప పోసి, ఎక్స్‌స్పెక్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క ఉష్ణోగ్రతతో ఫిట్ చేశాను. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలదూ!

ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో మూడో వంతే వచ్చింది.

ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. సూపర్‌నోవాల సిద్ధాంతం నా చేతిలో కుప్పకూలింది. ఫిట్ ఎంత తప్పిందో కొలిచే కై-స్క్వేర్, బాగాలేదు నాయనా అని మొత్తుకుంటూనే ఉంది. కాలిబ్రేషన్ లోపం అని దాని నోరు మూయించాను. పోనీ పాత పేపర్లు తిరగేయొచ్చుగా అంటారా? అవన్నీ చదివితే కనిపెట్టిన సరదా ఏం మిగుల్తుందండీ! అర్ధరాత్రే మా బావమరిదికి ఫోన్ చేసి చెప్పాను. వాడిది ఇనుప సామాన్ల కొట్టు. నిద్రమత్తులోనే, "అక్కడ తక్కువైతే ఇక్కడ రేటు పెరుగుతుందా బావా?" అన్నాడు.

సెమినార్ రోజు కొత్త చొక్కా వేసుకున్నాను. అంతా బాగానే జరుగుతోంది. వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, "ఎన్ని ఉష్ణోగ్రతలు పెట్టావు బాబూ?" అన్నారు. ఒకటేనండీ అన్నాను. రెండోది పెట్టి చూశావా అన్నారు. అవసరం పడలేదండీ అన్నాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? కావాలంటే ఇప్పుడే చూపిస్తానన్నాను, ల్యాప్‌టాప్ లాక్కున్నాను, రెండో ఉష్ణోగ్రత చేర్చాను, ఎంటర్ కొట్టాను, తెర మీద కై-స్క్వేర్ జారింది, ఇనుము లేచింది, సగం దాటింది, ముప్పావు దాటింది, అందరూ చూస్తుండగా సూర్యుణ్ణి కూడా దాటి తాపీగా నిలబడింది. హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

అసలు కథేమిటంటే, ఎం49 నడిబొడ్డున వాయువు కాస్త చల్లగా, బయటికి పోయేకొద్దీ వేడిగా ఉంటుంది. ఇనుము గీతలన్నీ ఒక కిలో ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గర గుట్టలా లేస్తాయి. చల్లటి వాయువు గుట్ట కాస్త తక్కువ శక్తి వైపు, వేడి వాయువుది కాస్త ఎక్కువ వైపు. రెండూ కలిస్తే వెడల్పాటి గుట్ట. ఒకే ఉష్ణోగ్రత ఇచ్చే సన్నటి గుట్టతో దాన్ని కప్పలేక, పాపం నా మోడల్ ఇనుము తగ్గించి, గీతల్లేని వెలుగు పెంచి సర్దుకుంది. 1990లలో ఆస్కా అనే జపాన్ ఉపగ్రహం డేటాతో మహామహులే ఇలా ఇనుము తక్కువ లెక్కగట్టి తలలు పట్టుకున్నారు. 1998లోనే డేవిడ్ బ్యూట్, ఆండ్రూ ఫేబియన్ రెండు ఉష్ణోగ్రతలు పెట్టి ఇదంతా విప్పి చెప్పారు. అంటే నేను పడ్డ గొయ్యి కూడా కొత్తది కాదు.

థీసిస్‌లో ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను. సున్నాను ఉంగరాలుగా కోశాను, ఒక్కో ఉంగరానికి విడిగా ఉష్ణోగ్రత కొలిచాను, బ్యూట్ పేపర్లన్నీ బుద్ధిగా ఉటంకించాను. శీర్షికలో "తొలిసారిగా" అనే మాట మాత్రం తియ్యబుద్ధి కాలేదు. చివరికి మా గైడే కొట్టేశారు.