ఆడలేక మద్దెల ఓడన్న జనరల్

జాన్ బర్గోయిన్ (1722–1792) బ్రిటిష్ జనరల్, పార్లమెంటు సభ్యుడు, నాటక రచయిత. అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్ల సందడిలో ‘జెంటిల్మన్ జానీ’గా మళ్లీ ముస్తాబయ్యాడు. అమెరికాలో ఆయన్ను ఓడించింది శత్రువు కాదట, లండన్ మంత్రుల మతిమరుపట!

ఎర్ల్ ఆఫ్ డెర్బీ కూతురితో లేచిపోయి పెళ్లాడి పెద్దింటి అల్లుడయ్యాడు. 1768 ప్రెస్టన్ ఎన్నికల్లో హింసకు ఉసిగొల్పినందుకు వెయ్యి పౌండ్ల జరిమానా పడింది. సీటు మాత్రం పదిలం. 1772లో ఈస్టిండియా కంపెనీపై పార్లమెంటు విచారణ సంఘానికి అధ్యక్షుడై రాబర్ట్ క్లైవ్‌పై నిప్పులు చెరిగాడు. క్లైవ్ 2,34,000 పౌండ్లు పుచ్చుకున్నాడని తేల్చిన సభే, దేశానికి గొప్ప సేవ చేశాడని పొగిడి పంపింది.

ఇక పందెం. 1777 క్రిస్మస్‌కల్లా అమెరికా నుంచి విజయంతో తిరిగొస్తానని లండన్ బ్రూక్స్ క్లబ్‌లో రాజకీయ నాయకుడు ఫాక్స్‌తో 50 గినీలు కాశాడు. ప్రాణాలు వేలమంది సైనికులవి, పణం 50 గినీలు!

జూలైలో టికండెరోగా కోట చేజిక్కింది. ఆపైన ఫోర్ట్ ఎడ్వర్డ్‌కు చేరే ఆఖరి 23 మైళ్లకు మూడు వారాలు పట్టింది. శత్రువు దారికి అడ్డంగా చెట్లు నరుకుతుంటే, జనరల్ గారు ఫిరంగులనూ సామాను బండ్లనూ అడవిలో ఈడ్పించాడు.

మద్దెల ఓటిదే అనుకుందాం. మరో బ్రిటిష్ సేనాని హోవ్ తోడు రావడం లేదని ఆగస్టు మొదట్లోనే ఉత్తరం అందింది. అయినా సెప్టెంబరులో సైన్యాన్ని హడ్సన్ నది దాటించాడు. ఆ తప్పు ఏ మంత్రిది?

ఓడి వెనక్కి తగ్గాక సరటోగాలో ఓ ఇంటి నేలమాళిగలో గాయపడ్డవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు ఆరు రోజులు నక్కారు. నీళ్లకు నదికి వెళ్లిన మగవాళ్ల మీద తూటాలు పడుతుంటే, ఒక సైనికుడి భార్య వెళ్లి తెచ్చింది. అదే తిరోగమనంలో జనరల్ ఉంపుడుగత్తెతో షాంపేన్ తాగుతూ సగం రాత్రి గడిపాడని జర్మన్ సేనాని భార్య రీడెసెల్ రాసుకుంది. దీన్ని రసికత అనడం సిగ్గుచేటు.

అక్టోబరు 17న దాదాపు 5,800 మందితో లొంగిపోయాడు. తాను 1778లో ఇల్లు చేరాడు. సైనికులు చెరలో మిగిలారు. తిరిగి వెళ్లి వాళ్లతో ఉండమంటే ఆరోగ్యం బాగాలేదన్నాడు. 1780లో డ్రూరీ లేన్‌లో ఆయన సంగీత నాటకం ఆడేనాటికీ వాళ్లు బందీలే. 1786లో ‘ది హెయిరెస్’కు చప్పట్లు మోగాయి. చనిపోయాక వెస్ట్‌మినిస్టర్ అబేలో సమాధి దక్కింది.

సైన్యాన్ని చెరలో వదిలి నాటకాలు రాసుకున్నవాడు పెద్దమనిషి కాడు.