మంట చప్పుడు

కలిగిరి వేలం కేంద్రానికి పొగాకు తోలే రైతుల్లో మా చిన్నాన్న ఒకడు. మాఘమాసంలో ఒక రాత్రి ఆయన ఆకు ఎండబెట్టే బ్యారన్ దగ్గర మేలుకొని ఉన్నాను. మంటల్లో గాలి సుడుల మీదే నా చదువంతా.

పొయ్యి చూసే పెద్దాయనకు ఆ పని ముప్పై ఏళ్ల పైమాటే. లోపలి వేడిని 35 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, వారం రోజుల్లో 70 దాకా మెల్లగా ఎక్కించాలి. ఆకు పసుపు తిరగకముందే వేడి ఎగదన్నిందా, పచ్చగానే ఎండిపోతుంది. రైతు ఏడాది కష్టం బూడిదే. వయసులో ఉన్నప్పుడు మంటలోకి కన్నార్పకుండా చూసి వేడి ఎంతో చెప్పేవాడట. ఆ రాత్రి మాత్రం గోడకు ఆనుకుని, పొయ్యి వైపు చెవి పెట్టి కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "గాలి ఎక్కువైందిరా, తలుపు కాస్త మూయి" అన్నాడు మనవడితో. వాడు మూసి, థర్మామీటర్ చూసి అంకె చదివాడు. సరిగ్గా ఉంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన వింటున్నది నేను చదివిందే! గాలి కదలని గదిలో దీపం చప్పుడు చేయదు. గాలి సుళ్లు తిరిగితే మంట ముడతలు పడి చీలుతుంది. ఒక్కో ముడత ఒక్కో క్షణాన భగ్గుమని చుట్టూ ఉన్న గాలిని నెడుతుంది. ఆ నెట్టుళ్లన్నీ కలిస్తేనే పొయ్యి హోరు. పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా చీలి, చివరికి గాలి జిగటలో అణిగిపోతాయని 1941లో మాస్కో గణితవేత్త కొల్మొగొరోవ్ లెక్కగట్టాడు. నూనె కాగితే పల్చబడుతుంది, గాలి కాగితే జిగటెక్కుతుంది. అందుకే బయట బతికే సన్నటి సుడి మంటలోకి రాగానే చచ్చిపోతుంది. అన్నిటికన్నా నాకు అబ్బురం ఇదే.

ఇదంతా ఆయనకు చెప్పాను. "ఔ అబ్బయ్యా, చినుకుల మాదిరి వినపడతాది" అన్నాడు.

నా ఫోన్‌లో సెకనుకు 1000 బొమ్మల చొప్పున తీసిన మంట వీడియో ఉంది. ముడత పుట్టడం, చీలడం, ఆరడం నిదానంగా కనిపిస్తాయి. "మామా, నువ్వు వినేది ఇదే" అంటూ చేతిలో పెట్టాను. ఆ మంట వెలుగు ఆయన మొహం నిండా పడింది.

రెండు చేతులా పట్టుకుని, ఫోన్‌ను చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"చప్పుడే లేదే అబ్బయ్యా, ఆరిపోయిందా?"